చెరువులో మనిషి

గిద్దలూరు మార్కెట్టుకు పోయిన చేపలు ఎట్ల పోయినాయో అట్లనే తిరిగి వచ్చినాయి.

మహబూబ్ బాషా ఆటోను రేవు పక్కన నిలిపి, ఐసు పెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించినాడు. పెట్టెల మూలల్లోంచి నీళ్లు కారుతున్నాయి. మూతలు తీస్తే లోపల బొచ్చెలు, రాగండ్లు పొద్దున పేర్చింది పేర్చినట్టే ఉన్నాయి. కళ్లు మాత్రం తెల్లబడినాయి.

"ఏంది భాయ్, బండి చెడిపోయిందా?" అని అడిగినాడు అంకన్న. అలుగుపాలెంలో పెద్దమనిషి ఆయనే. రేవులో కాటా పట్టేదీ, ఆదివారం పూట పాస్టరు రాకపోతే ప్రార్థన చేసేదీ ఆయనే.

"బండి బాగనే ఉంది మామా. కొనేవాళ్లే లేరు." బాషా తల మీది టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "మీ చెరువులో శవం ఉందంట గద అని అడుగుతాండారు. ఖాళీ పుట్టి ఫోటో ఫోన్లల్లో తిరుగుతాంది. ఎప్పుడూ తీసుకునే హోటలోళ్లు కూడా వద్దన్నారు. ఆ నీళ్లల్లో చేపలు ఏం తిని ఉంటాయో అని ఒకాయన మొహం మీదనే అన్నాడు. నేనేం చెప్పాల?"

ఎవరూ మణెమ్మ దిక్కు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్లు పడుతున్న కష్టం ఆమెకు తెలుస్తూనే ఉంది. రేవు రాయి మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల అంచు తగిలించి లాగిపట్టుకుని, చిరిగిన కన్నుల్లో దారం వేస్తోంది. ఆ వల ఆమె మొగుడు సామ్యేలుది. గాలి లేచిన ఆ పొద్దు వల ఎక్కడో చిక్కుకుందని ఒక్కడే పుట్టి, ఆ గుండ్రటి బుట్టపడవ, వేసుకుని పోయినాడు. పొద్దు గూకే వేళకు పుట్టి ఒక్కటే గుండ్రంగా తిరుక్కుంటూ వచ్చి రేవుకు తగిలింది. అందులో సగం లాగిన వల, తెడ్డు, ఆయన తలగుడ్డ ఉన్నాయి.

ఊరంతా వెతికింది. వెదురుగడలతో పొడిచినారు, కొక్కేలు వేసి ఈడ్చినారు, సామ్యేలు తమ్ముడు జాషువా ముక్కులోంచి రక్తం వచ్చేదాకా మునిగినాడు. చెరువు అడుగున పాత తుమ్మతోపు ఉంది. ఆ మోళ్లు ఏది పట్టుకుంటే దాన్ని వదలవు. పోలీసులకు చెప్తే చెరువు మూసేస్తారు, మనిషి దొరికేదాకా వల వెయ్యనీయరు అని అంకన్న అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పోలీసులు లేకుండానే చెరువు మూతబడింది.

"ఈ చేపల్ని ఏం చేద్దాం?" అన్నాడు బాషా.

"గొయ్యి తీసి పూడ్చాల," అన్నాడు జాషువా.

మణెమ్మ దారం కొరికి ముడి వేసి, ఇంకో చిరుగు వెతుక్కుంది. సామ్యేలు పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదు. మొదట ఆడవాళ్లు చుట్టూ చేరి, ఎన్నడో చనిపోయిన ఆమె కూతురి మాటలు కూడా తవ్వి తీసి, ఆమె చేత ఏడిపించాలని చూసినారు. వల్లగాక విడిచిపెట్టినారు. అన్నం పెడితే తినేది. పడుకోమంటే పడుకునేది. ఎవరు ఏం చెప్పినా "సరే" అనేది. ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేది, మనిషితో పని లేకుండా.

*

అలుగుపాలేనికి రోడ్డు లేదు, అది అవతలి గట్టున రేవు దాకా వచ్చి ఆగిపోతుంది. మూడు దిక్కులా నల్లమల కొండ, ఒక దిక్కు చెరువు. బియ్యం రావాలన్నా, జ్వరం బిళ్ల రావాలన్నా, పెళ్లికొడుకు రావాలన్నా పుట్టి మీద రావాల్సిందే. చేపలు అమ్ముడు పోకపోతే ఆ ఊరికి వేరే బతుకు లేదు. చింతచెట్లు ఉన్నా అవి ఫారెస్టువాళ్లవి.

చేపలు రెండోసారి కూడా తిరిగి వచ్చినాక, పొద్దున్నే అంకన్న, జాషువా, జాషువా పెళ్లాం కేథరిన్ మణెమ్మ ఇంటికి వచ్చినారు. అంకన్న గడపలో నిలబడి చేతికర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. మణెమ్మ కత్తిపీట ముందు కూర్చుని చిన్న జిలేబీ చేపలకు బూడిద పూసి పొలుసు గీకుతోంది. అమ్ముడుపోనివి ఎండబెట్టుకోవడం తప్ప ఊళ్లో ఎవరికీ పని లేదు.

"మణెమ్మా," అన్నాడు అంకన్న, "ఒక మాట. నువ్వు తప్పుగా అనుకోవద్దు."

"చెప్పు మామా."

"దొరికినాడని చెప్దాం."

ఆమె చేపను తిప్పి రెండోవైపు గీకింది.

"దొరికినాడు, మట్టి చేసినామని చెప్దాం. ఉత్తమాటగా చెప్తే నమ్మరు. పెట్టె చేసి, ప్రార్థన చేసి, అందరం మోద్దాం. బాషాను పిలుద్దాం. వాడు కళ్లారా చూస్తే వాడే పోయి గిద్దలూరులో చెప్తాడు. వాడి మాట నమ్ముతారు."

జాషువా గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. కన్నులింకా ఎర్రగానే ఉన్నాయి, నీళ్లల్లో తెరిచి తెరిచి. "నేను వద్దన్నా వదినా," అన్నాడు. "తర్వాత ఆలోచన చేసినా."

కేథరిన్ వచ్చి మణెమ్మ పక్కన కూర్చుంది. చంకలో చిన్నపిల్ల. దాని జుట్టు నూనె లేక పిచ్చుకగూడు మాదిరి ఉంది. "అక్కా, బావను మర్చిపొమ్మని కాదు," అంది మెల్లగా. "పిల్లలు గంజి తాగి తాగి కడుపులు పట్టుకుంటాండారు. ఆ చివరింటి ముసలామె గంజి కూడా మానేసింది, పిల్లలకు పొయ్యమని. నేను నిన్ను అడగకూడదు. కానీ ఎవరో ఒకరు అడగాల గద."

మణెమ్మ పొలుసు అంటిన చేతుల్ని చూసుకుంది. తన మొగుడు చెరువులో ఉన్నాడు. ఆయన చెరువులో ఉన్నందుకు వీళ్ల పిల్లలకు అన్నం లేదు. ఈ రెండూ నిజమే. రెండింటిలో ఏదీ ఆమెను తాకడం లేదు. అద్దాల తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

"సరే," అంది.

అంకన్న ఊపిరి వదిలినాడు. ఆయనకు ఆ మాట కావాలి. కానీ అంత సులువుగా వస్తుందని అనుకోలేదు. కాసేపు అక్కడే నిలబడి, ఏమన్నా అంటుందేమోనని చూసి, వెళ్లిపోయినాడు.

"పెట్టెలో ఆయన బట్టలు పెడితే బాగుంటుంది," అంది కేథరిన్.

మణెమ్మ లేచి చేతులు కడుక్కుని ట్రంకుపెట్టె తీసింది. అడుగునుంచి క్రిస్మసుకు కుట్టించిన తెల్లచొక్కా తీసింది. సామ్యేలు దాన్ని ఒక్కసారే తొడిగినాడు. మెడ బిగుతుగా ఉందని విప్పేసినాడు.

"అంత మంచిదెందుకు అక్కా? పాతదేదన్నా చాలు. లోపల ఎవరు చూస్తారు?"

"ఇదే ఇస్తా," అంది మణెమ్మ. చొక్కాను మడిచి, గుండీలు అన్నీ పెట్టి, చేతులతో సాపు చేసి ఇచ్చింది.

*

వడ్రంగి బ్రహ్మం పాత పడవచెక్కలతో పెట్టె కొట్టినాడు. జాషువా అందులో ఇసుకమూట పెట్టి, దాని మీద అన్న చొక్కా పరిచి, మేకులు దిగగొట్టినాడు. మేకులు కొట్టేటప్పుడు చెయ్యి అదుపు తప్పి రెండుసార్లు బొటనవేలి మీదనే కొట్టుకున్నాడు. ఎవరన్నా చూస్తే అన్న కోసం ఏడుస్తున్నాడనే అనుకుంటారు. ఏడుస్తున్నది నిజమే.

బాషాను జాషువానే పుట్టిలో తీసుకొచ్చినాడు. బాషా తెల్లబట్టలు వేసుకుని వచ్చినాడు, చేతిలో అగరబత్తుల కట్ట ఉంది. ఇటువంటి చోట్ల క్రైస్తవులు అగరబత్తీలు వెలిగిస్తారో లేదో తెలియక దాన్ని అట్లనే పట్టుకుని నిలబడినాడు. మణెమ్మ దగ్గరికి వచ్చి "అక్కా" అన్నాడు. సామ్యేలు, ఆయన ఒకరినొకరు తిట్టుకోకుండా ఏనాడూ కాటా పట్టలేదు. చేప నలిగిందని ఒకడు, కాటా దొంగదని ఒకడు. తిట్టుకున్నాక ఇద్దరూ ఒకే గ్లాసులో సగం సగం టీ తాగేవాళ్లు.

"నేను కూడా మోస్తా," అన్నాడు బాషా. ఎవరూ పిలవకముందే ముందువైపు కట్టె కిందికి భుజం పెట్టినాడు.

శ్మశానం కొండ మొదట్లో ఉంది. దారి ఎక్కుడు. పెట్టె వెనక మణెమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని కేథరిన్, వాళ్ల వెనక ఊరు. దారి ఎత్తుగా లేచే చోట పెట్టె వాలింది. లోపల ఏదో బరబరమని జరిగి వెనకవైపు చెక్కకు ధన్‌మని తగిలింది.

మనిషి జరిగితే అట్ల చప్పుడు కాదు.

బాషా అడుగు ఆగింది. పెట్టె భుజం మీద ఉండగానే తల తిప్పి జాషువా మొహంలోకి చూసినాడు. జాషువా చూపు తిప్పుకున్నాడు. అంకన్న గొంతు పెంచి పాట అందుకున్నాడు. ఒక నిమిషం పెట్టె అక్కడే నిలబడింది. బాషా చూపు వెనక్కి వచ్చి మణెమ్మ మీద ఆగింది. ఆమె చూపు దించుకోలేదు.

బాషా భుజం సర్దుకుని ముందుకు నడిచినాడు.

గొయ్యిలోకి దింపేటప్పుడు మెల్లగా, మెల్లగా అని అందరికంటే ఎక్కువ జాగ్రత్త చెప్పింది ఆయనే. పిడికెడు మట్టి కూడా వేసినాడు. తిరిగి పుట్టి ఎక్కేటప్పుడు అంకన్నతో "రేపు పొద్దున వస్తా, ఐసు తెస్తా," అని మాత్రం అన్నాడు.

మరుసటి రోజు చేపలు అమ్ముడుపోయినాయి. ఆ తర్వాత కూడా. మోటారుసైకిళ్ల మీద చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రేవుకే వచ్చి బతికున్న కొర్రమట్టలు ఏరుకుని పోతున్నారు. ఊళ్లో పొయ్యిలు రాజుకున్నాయి. కేథరిన్ చిన్నపిల్లకు నూనె రాసి రెండు పిలకలు వేసింది. చివరింటి ముసలామె మణెమ్మకు కూర తెచ్చి ఇచ్చి, ఆమె చేతులు పట్టుకుని పోయింది. మణెమ్మ ఆ కూర తిన్నది. ఉప్పు ఉందో లేదో తెలియలేదు.

ఊరు చేసింది ఊరు మర్చిపోతోంది. ఒకరిద్దరు సమాధి మీద అడవిపూలు కూడా పెట్టి వచ్చినారు. "సామ్యేలును పెట్టిన చోటు" అని ఇప్పుడు అందరూ అంటున్నారు. మణెమ్మ కూడా ఒకసారి అట్లనే అంది. అన్నాక నోరు కడుక్కోవాలనిపించింది, కడుక్కోలేదు.

*

ఆ పొద్దు జాషువా చెరువు అవతలి మూలకు వల తియ్యడానికి పోయినాడు. మణెమ్మ, కేథరిన్ కలిసి పుట్టి తీసినారు. సామ్యేలు వల లాగుతుంటే ఇరవై ఏండ్లు తెడ్డు వేసింది మణెమ్మే. పుట్టిని తిప్పకుండా నిలబెట్టడం ఊళ్లో ఆమెకు వచ్చినంత బాగా మగవాళ్లకు కూడా రాదు. ఆ ఒక్క పొద్దు మాత్రం ఒంట్లో బాగాలేదని ఆమె పోలేదు.

ముందు రాత్రి గాలి లేచింది. వేసిన చోట వల లేదు. వలను తేల్చే తెల్లబెండ్లు దూరంగా, తుమ్మమోళ్ల దిక్కు ఒక వంకర గీతలాగా కనబడుతున్నాయి. ఆ దిక్కుకు ఇప్పుడు ఎవరూ పోవడం లేదు.

"కొసలు కోసేసి వచ్చేద్దాం అక్కా," అంది కేథరిన్. "వల పోతే పోయింది."

"కొత్త వల," అంది మణెమ్మ. తెడ్డు వేసింది.

మోళ్ల మధ్య నీళ్లు నల్లగా కదలకుండా ఉన్నాయి. కేథరిన్ వంగి పై తాడు పట్టి లాగింది. మొదట నాచు వచ్చింది, తర్వాత రెండు బొచ్చెలు, మళ్లీ నాచు. తర్వాత వల బరువెక్కింది. చేప బరువైతే కొట్టుకుంటుంది. ఇది కొట్టుకోలేదు. కేథరిన్ ఇంకొక బార లాగి, తాడు పట్టుకున్నట్టే ఉండిపోయింది.

"అక్కా. ఇటు చూడొద్దు."

మణెమ్మ చూసింది. గళ్ల చొక్కా. భుజం దగ్గర ఆమె వేసిన అతుకు. మొహం కిందికి ఉంది. చాలాసేపు చూసింది. లోపల ఏమన్నా కదులుతుందేమోనని ఎదురుచూసింది కూడా. ఏమీ కదలలేదు. ఒక మోడు మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

కేథరిన్ రేవు దిక్కు చూసింది. అంతదూరం నుంచి కూడా ఆటో పసుపు కనబడుతోంది, దాని చుట్టూ మోటారుసైకిళ్లు. "అక్కా," అంది, గొంతు చాలా తగ్గించి, నీళ్లు వింటాయన్నట్టు. "వల ఇక్కడే కట్టేసి పోదాం. సాయంత్రం మీ మరిదిని తీసుకుని వద్దాం. ఆటో పోనీ, బండ్లవాళ్లు పోనీ. మెల్లగా తీసుకుపోయి ఆ గొయ్యిలోనే పెట్టుకుందాం. ఎవరికీ తెలవదు. ఇప్పుడు రేవుకు పోతే మళ్లీ మొదటికొస్తది. ఈసారి మన మాట ఎవరూ నమ్మరు."

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మణెమ్మ నోటిలో ఆ సరే అన్న మాట తయారుగానే ఉంది. పెదాలు కూడా విడివడినాయి.

"ఎండెక్కుతాంది," అంది.

"ఏంది?"

"ఎండ. ఆయనకు పడదు. తలగుడ్డ కూడా లేదు."

కేథరిన్ ఆమె మొహంలోకి చూసి తాడు అందుకుంది. ఇద్దరూ కలిసి వల పై తాడును ఆయన చంకల కిందుగా తిప్పి పుట్టి అంచుకు కట్టినారు. మోళ్లకు పట్టుకున్న వలను మణెమ్మ కత్తితో కోసింది, ఎక్కడ కోస్తే ఆయన ఒంటికి తగలదో చూసుకుంటూ. కొత్త వల ముక్కలు ముక్కలైంది. పైట కొంగు సగం చించి, తడిపి, ఆయన తల మీద కప్పింది.

బరువు ఒకవైపే ఉండడంతో పుట్టి తిరగబోయింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును పుట్టి గోడకు ఆనించి, చిన్నచిన్న పోట్లు వేస్తూ దాన్ని నిలబెట్టింది. గట్టు పక్క నీడలో పోతే ఎవరికీ కనబడకుండా ఊరి వైపుకు చేరవచ్చు. ఆమె చెరువు నడిమిలోంచి, ఆటో దిక్కు చూసుకుంటూ తెడ్డు వేసింది. మనుషులు ఉన్నది అక్కడే. ఎత్తడానికి మనుషులు కావాలి.

రేవులో కాటా దగ్గర బేరాలు నడుస్తున్నాయి. ముందు ఒక మోటారుసైకిల్ మనిషి చూసినాడు. చేతిలో ఉన్న కొర్రమట్టను మెల్లగా కింద పెట్టినాడు. తర్వాత ఒక్కొక్కరే చూసినారు. మాటలు ఆగిపోయినాయి. పుట్టికి నీళ్లు తగిలే చప్పుడు ఒక్కటే మిగిలింది. కాసేపటికి ఒక బండి స్టార్టయింది, ఇంకొకటి, తర్వాత అన్నీ.

అవతలి మూల నుంచి అప్పుడే వచ్చిన జాషువా నీళ్లల్లోకి పరుగెత్తినాడు. ఛాతీ లోతుకు పోయి, అన్నను రెండు చేతుల మీద ఎత్తుకున్నట్టు పట్టుకుని, అట్లనే నిలబడిపోయినాడు.

అంకన్న వచ్చి మణెమ్మ పక్కన నిలబడినాడు. ఆయన మొహం పాలిపోయింది. కోపం కాదు, భయం. "కొంచెం సేపు ఆగలేకపోతివా అమ్మా," అన్నాడు.

"ఇన్ని దినాలు ఆగింది ఆయన, నేను కాదు మామా," అంది.

అంకన్న కర్ర మీద రెండు చేతులూ ఆనించి తల దించుకున్నాడు. కాసేపటికి ఫోను తీసి, దూరంగా పోయి, గిద్దలూరు పాస్టరుతో మాట్లాడినాడు. ఆయన చెప్పింది నిజమో అబద్ధమో ఎవరికీ వినబడలేదు. తిరిగి వచ్చి, "సాయంత్రానికి గాని రాలేడంట. దారిలో స్టేషన్లో కూడా చెప్పి వస్తానన్నాడు," అన్నాడు. "గొయ్యి మళ్లీ తవ్వాల."

"అందాక ఈ ఎండలోనా?" అన్నాడు జాషువా.

అందాకా ఆటో పక్కనే నిలబడి ఉన్న బాషా అప్పుడు కదిలినాడు. నిండిన ఐసుపెట్టె మూత తీసినాడు. పొద్దుట నుంచి పేర్చుకున్న చేపల్ని రెండు చేతులతో తీసి పట్టా మీద పోసినాడు. రెండో పెట్టె, మూడో పెట్టె. పట్టా మీద చేపలు ఎండలో మెరుస్తున్నాయి.

"చెడిపోతాయి భాయ్," అన్నాడు అంకన్న, అలవాటు కొద్దీ.

"పోనీ," అన్నాడు బాషా.

పుట్టిని గట్టు మీదికి లాగి, గోనెలు పరిచి సామ్యేలును దాంట్లో పడుకోబెట్టినారు. బాషా ఐసు దోసిళ్లతో తెచ్చి చుట్టూ సర్దినాడు, చేపలకు సర్దినట్టే, సందు లేకుండా. తన తెల్లచొక్కా మోచేతులదాకా తడిసింది. సర్దడం అయినాక పుట్టి అవతలి వైపు, మణెమ్మకు ఎదురుగా, నేల మీద కూర్చున్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు అక్కా," అన్నాడు. "పెట్టె మోసినప్పుడే."

"నీకు తెలిసిందని నాకు తెలుసు."

"తెలిసి కూడా పోయి గిద్దలూరులో చెప్పినా. నా కండ్లతో చూసినా అన్నా." బాషా కిందపడిన ఐసు ముక్కను తీసి మళ్లీ పుట్టిలో పెట్టినాడు.

సామ్యేలు చెయ్యి ఐసు కింద ఉంది. అదెక్కడుందో చూద్దామని మణెమ్మ ఐసు ముక్కల్లోకి తన చెయ్యి దూర్చింది. దొరికింది. పట్టుకుంది. కేథరిన్ "తియ్యక్కా, చెయ్యి కొంకర్లు పోతది," అని మణికట్టు పట్టి లాగబోయింది. ఆమె తియ్యలేదు. మొదట ఏమీ తెలియలేదు, ఇన్ని దినాలుగా ఏదీ తెలియనట్టే. తర్వాత వేళ్ల కొసలు చురుక్కుమన్నాయి. చురుకు మెల్లగా అరచేతిలోకి, మణికట్టులోకి పాకింది. ఎముకలో మంట పుట్టింది.

"అబ్బ," అంది.

చాలా చిన్నగా అంది, వేలికి ముల్లు గుచ్చుకున్నట్టు. తన నోటి నుంచి వచ్చిన ఆ చప్పుడు విని తానే బిత్తరపోయి చుట్టూ చూసింది. నీళ్లు కారుతున్న బట్టలతో జాషువా, కర్ర పట్టుకున్న అంకన్న, పట్టా మీద చేపలు, ఎదురుగా తడిచొక్కాతో బాషా, అందరూ ఒక్కసారిగా చాలా దగ్గరికి వచ్చినట్టు కనబడినారు. ఆ చిన్నమాట వెంబడే మిగతాదంతా వచ్చింది.

రేవులో ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.